తూకం డాక్టరమ్మకు కాటుక భరిణె

దుబాయ్ వెళ్లొచ్చానని తెలిసి మా వీధి ఆడవాళ్లు ముందు నా మెడ వైపు చూశారు, తరవాత నా సంచి వైపు చూశారు. మెడలో కొత్త గొలుసు లేదు. సంచిలో రెండు కిలోల ఖర్జూరం, పాత స్ప్రింగు త్రాసు ఒకటి ఉన్నాయి. "పదహారు రోజులుండి ఏం చేసొచ్చావు రత్నమ్మా?" అని అడిగారు. చెబుదామని కూర్చుంటే అందరికీ పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. అందుకని రాస్తున్నాను. వెళ్లనివాళ్లు చదువుకోవచ్చు, వెళ్లేవాళ్లు నేను చేసిన తప్పు చేయకుండా ఉండొచ్చు.

బయల్దేరే ముందు

నేను వెళ్లింది మేడలు చూడ్డానికి కాదు, డాక్టర్ హెల్గా గారిని చూడ్డానికి. ఆవిడది జర్మనీ. పిల్లల డాక్టరు. ముప్పై మూడేళ్ల కిందట మా గోదావరి లంకల్లో మిషన్ ఆస్పత్రికి వచ్చి తొమ్మిదేళ్లు ఉన్నారు. ఆవిడ పేరు మా నోళ్లకు తిరిగేది కాదు గానీ పిల్లలందర్నీ తూచేవారు కాబట్టి తూకం డాక్టరమ్మ అనేవాళ్లం.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మా ఆయన పోయి నాలుగు నెలలు. ఏడాది కొడుకుని చంకనేసుకుని ఆస్పత్రికి వెళ్లాను. ఆవిడ వాడి చొక్కా విప్పించారు, మొలతాడు కూడా విప్పమన్నారు. త్రాసుకి తగిలిస్తే ఐదున్నర కిలోలు. నన్ను తిడతారనుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "అమ్మగారూ, మీరు ఇవాళ ఏం తిన్నారు?" అని అడిగారు. అంతకు ముందు నన్ను ఆ మాట అడిగిన మనిషి లేదు. ఆవిడ చిన్నా పెద్దా అందర్నీ మీరు అనేవారు, చంటిపిల్లల్ని కూడా పాపగారూ, బాబుగారూ అనేవారు. మమ్మల్నిద్దర్నీ నలభై రోజులు ఆస్పత్రిలో పెట్టి వేరుశనగ, బెల్లం ఉండలు తినిపించారు. తరవాత నన్ను ఆయాగా పెట్టుకున్నారు, ఆ తరవాత నర్సు ట్రైనింగుకి పంపారు. ఆ చదువుతోనే ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి సూదులేశాను. నా కొడుకు ఇప్పుడు బస్సు కండక్టరు. ఎనభై కిలోలు దాటాడు, తూకం మాటెత్తితే పారిపోతాడు.

ఆ రోజుల్లో ఆవిడకొక చిక్కొచ్చింది. ప్రతి బిడ్డకీ ఒక కార్డు ఇచ్చి నెలనెలా బరువు దగ్గర సిరా చుక్క పెట్టేవారు. కార్డు తల్లి దగ్గరే ఉండాలనేది ఆవిడ పట్టుదల. తల్లులు ఆ కార్డుల్ని చించి పారేసేవారు. బిడ్డ బరువు కాగితం మీదికెక్కితే దిష్టి తగులుతుందని భయం. చర్చికి పోయేవాళ్లమైనా దిష్టి మమ్మల్ని వదల్లేదు మరి. ఒకరోజు నేనే భయపడుతూ చెప్పాను: "సిరా బదులు కాటుకతో పెడితే అదే దిష్టిచుక్క అవుద్దండి." ఆవిడ పెన్ను జేబులో పెట్టేసి, అగ్గిపుల్ల కాటుకలో ముంచారు. కాటుక చెదిరిపోతుందని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టేవారు. ఆ తరవాత ఒక్క కార్డు చిరగలేదు.

మా లంకల నుంచి ఆఫ్రికా వెళ్లారు, తరవాత యెమెన్ కొండ ఊళ్లకు. 2002 నుంచి దుబాయ్‌కి అవతలున్న రాస్ అల్ ఖైమాలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూస్తున్నారు. ప్రతి క్రిస్మస్‌కీ ఒత్తులు మరిచిపోతూ తెలుగులో ఉత్తరం రాసేవారు. పోయిన క్రిస్మస్ ఉత్తరంలో, "మార్చిలో జర్మనీ వెళ్తున్నాను, ఇంక ఎక్కడికీ రాను. మీ అబ్బాయి బరువెంత?" అని ఉంది. నా చేతుల్లో పెరిగిన మా చెల్లెలి కూతురు సునీత అబుధాబి దగ్గర ఆస్పత్రిలో నర్సు. నెల రోజుల వీసా తీసింది. మా అబ్బాయి టికెట్ కొన్నాడు. డాక్టరమ్మకి ఏం పట్టుకెళ్లాలో తోచక, ఆముదం దీపం పెట్టి, పైన పళ్లెం బోర్లించి, రెండు రోజులు మసి పట్టి కాటుక చేసి ఇత్తడి భరిణెలో నింపాను. 2007 ఫిబ్రవరిలో బయల్దేరాను.

విమానంలో పోశన్న

బేగంపేటలో విమానమెక్కితే నా పక్క సీటు పోశన్నది. నిజామాబాద్ జిల్లా మనిషి, నలభై దాటి ఉంటాయి, చేతులు రాయిలా ఉన్నాయి.

"అమ్మా, గీ పారం జెర నింపుతవా? నాకు సదువు రాదు," అన్నాడు. నింపాను. రాస్ అల్ ఖైమా వెళ్తున్నానంటే పొంగిపోయాడు. "నేను గాడ్నే ఉంట. గుట్టలు పగలగొట్టి కంకర చేసే కాడ. కఫీల్ మంచోడే, ముదీరే జెర గరం."

కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, ముదీర్ అంటే మేనేజరు. ఈ రెండు మాటలూ తెలిస్తే దుబాయ్‌లో సగం కథలు అర్థమవుతాయి. సెలవుకెళ్లి తొమ్మిది నెలల కూతుర్ని మొదటిసారి చూసొస్తున్నాడు. "సబ్బులు, సెంటు అందరు కొంచవోతరు. నేను పోరికి కండ్లకు పెట్టే సుర్మా కొంచవోయిన. కండ్లు గింత పెద్దగ అయితయట. మక్క నుంచి ఒస్తదంట," అని గర్వంగా చెప్పాడు. దిగేముందు తన ఫోన్ నంబరు నా చేత రాయించి, నాకే ఇచ్చాడు.

బనియాస్

సునీత వాళ్లది అబుధాబి శివార్లలోని బనియాస్‌లో రెండు గదుల ఇల్లు. కిందికి దిగితే మలయాళీ కొట్టు, పఠాన్ రొట్టెల పొయ్యి, మన కరివేపాకు, మన గోంగూర. చాయ్ ఒక దిర్హమ్, మన లెక్కలో పన్నెండు రూపాయలు. మొదటి రోజు గుండె గుభేలుమంది, మూడో రోజుకి రెండేసి తాగాను. ఫోన్ చేస్తే ఒక్క పెరుగు డబ్బా కూడా మూడో అంతస్తుకి తెచ్చిస్తారు. సునీత భర్త జాన్‌బాబు ఆఫీసు నుంచి వస్తూనే "ఖలాస్ అత్తయ్యగారూ, ఇవాళ్టికి ఖలాస్" అని సోఫాలో వాలిపోయేవాడు. అయిపోయింది అనడానికి ఇక్కడ అంతా ఆ మాటే అంటారు, నేను కూడా గిన్నెలు తోమి ఖలాస్ అనడం మొదలుపెట్టాను.

డాక్టరమ్మ పర్యటనలో ఉన్నారు, పదకొండో రోజు శుక్రవారం రమ్మన్నారు. ఆ పది రోజులూ నా పని వాళ్ల పాప కెజియాతో. ఏడు నెలల పిల్ల, బూరెల్లాంటి బుగ్గలు. అలాంటి పిల్లని ముఖాన చుక్క లేకుండా, కళ్లకు కాటుక లేకుండా నలుగురిలో తిప్పుతున్నారు. నా ప్రాణం ఊరుకుంటుందా?

నా దగ్గర కాటుక ఉంది. కానీ అది డాక్టరమ్మకని తెచ్చింది. ఇచ్చేదాన్ని ముందుగా మనం వేలు పెట్టి వాడితే ఏం మర్యాద? పోశన్న మాట గుర్తొచ్చింది. కింద కొట్టుకెళ్లి ఐదు దిర్హాములు పెట్టి సుర్మా కొన్నాను. అందమైన చిన్న సీసా, దానికి సన్నటి పుల్ల. ఉదయం, సాయంత్రం పాప కళ్లల్లో పెట్టాను. సునీత మొదటి రోజు చూసి, "ఇప్పుడు అవసరమా పెద్దమ్మా?" అంది. "నీకూ పెట్టాను, నీ తమ్ముడికీ పెట్టాను, ఏమైంది?" అన్నాను. ఇంక మాట్లాడకుండా డ్యూటీకెళ్లిపోయింది.

రాస్ అల్ ఖైమా

శుక్రవారం పొద్దున్నే జాన్‌బాబు "యల్లా, యల్లా" అని అందర్నీ కారెక్కించాడు. రెండున్నర గంటల దారి. ఎడారి అయిపోయాక బోడి కొండలొచ్చాయి, ఒక్క చెట్టు లేదు. బజారు దగ్గర ఆగితే గోతాల నిండా ఎండబెట్టిన సన్న చేపలు. మా మెత్తళ్లే. ఆ వాసనకి పాలకొల్లు సంతలో ఉన్నట్టయింది. కిలో కొంటానంటే జాన్‌బాబు కారు వాసనొస్తుందని దండం పెట్టాడు.

డాక్టరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, మనిషి సగమైపోయింది. నేను వంగి కాళ్లకు దండం పెట్టబోతే, అప్పటిలాగే ఒక్క గెంతు వెనక్కి గెంతారు. లంకల్లో ఏ తల్లినీ పాదాలు ముట్టుకోనిచ్చేవారు కాదు. "రత్నాగారూ, వద్దు. చెయ్యి ఇవ్వండి," అన్నారు. చేతులు పట్టుకుని కాసేపు ఇద్దరం ఏడ్చాం. పాప ఎండకి ముఖాన గుడ్డ కప్పుకుని జాన్‌బాబు భుజం మీద నిద్రపోతోంది.

లోపల కూర్చోబెట్టి, వేరుశనగ ఉండలు తెస్తానని వంటింట్లోకి వెళ్లారు. ఇన్ని దేశాలు తిరిగినా ఆ ఉండలు మానలేదట. ఈలోగా పక్కింటి ముసలావిడ ఖర్జూరాలు, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. ఉమ్ సయీద్ అంటారు, అంటే సయీద్ వాళ్లమ్మ. నల్ల బట్టల్లో కళ్లు మాత్రం నవ్వుతున్నాయి, హిందీ బాగానే వచ్చు. పాప నిద్రలేచింది. ఆవిడ పాపని ఎత్తుకుని ముందు "మాషా అల్లాహ్" అంది. ఆ మాట అనకుండా పిల్లని మెచ్చుకుంటే దిష్టి అని సునీత నాకు చెప్పింది. ఇంత దూరం వచ్చినా దిష్టి మనకంటే ముందే చేరిందన్నమాట అని నవ్వుకున్నాను.

అంతలో ఉమ్ సయీద్ పాప కళ్లలోకి చూసి, "లా, లా," అని తల అడ్డంగా ఊపింది. వంటింటి వైపు తిరిగి డాక్టర్ని కేకేసింది.

డాక్టరమ్మ పళ్లెం పక్కన పెట్టి, పాపని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కింది రెప్ప లాగి చూశారు. "ఇది మీ కాటుకా?" అన్నారు.

"కాదండి, బజారుది," అన్నాను. "మీకని తెచ్చింది ముట్టుకోకూడదని." ఇంకా గర్వంగానే చెప్పాను.

సుర్మా సీసా నా సంచిలోనే ఉంది. ఆవిడ ఒక తెల్ల కాగితం మీద చిటికెడు పోసి వేలితో రుద్దారు. పక్కన నేను తీసిచ్చిన భరిణె లోంచి కొంచెం రుద్దారు. నాది మందంగా నల్లగా ఉంది. అది తళతళా మెరిసింది.

"మీది మసి. ఇది రాయి, నూరిన రాయి. ఇలాంటివి చాలావాటిలో సీసం ఉంటుంది. పిల్లలు కళ్లు నులుముకుంటారు, వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. లోపలికి పోయి మెదడుని పాడు చేస్తుంది. పైకి ఏమీ కనిపించదు." ఆవిడ గొంతు పెంచలేదు. "రక్తం పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఎన్ని రోజులు పెట్టారు?"

"పది రోజులు. రెండు పూటలా." ముప్పై ఏళ్లు పిల్లల ఆరోగ్యం గురించి ఊళ్లో వాళ్లకి పాఠాలు చెప్పినదాన్ని.

ఉమ్ సయీద్ నా పక్కన కూర్చుని నా మోకాలు నిమిరింది. తనూ మనవలందరికీ పెట్టిందట. ఐదేళ్ల కిందట డాక్టరమ్మ తల్లులకి ఎంత చెప్పినా ఎవరూ మానలేదట. పెట్టేది ఎవరని అడిగితే ప్రతి తల్లీ మా అమ్మ, మా అత్త అందట. దాంతో డాక్టరమ్మ తల్లుల్ని వదిలేసి అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని మాత్రమే కాఫీకి పిలవడం మొదలుపెట్టారట. మొదటి కాఫీకి వచ్చింది ఉమ్ సయీదే. ఇక్కడ నేనే ఆ అమ్మమ్మని.

భోజనాల దగ్గర ఎవరికీ సరిగా ముద్ద దిగలేదు. నన్ను మాటల్లో పెట్టడానికేమో, డాక్టరమ్మ తన చిన్నతనం చెప్పారు. యుద్ధానికెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. తల్లి కూలిన ఇళ్ల ఇటుకలు ఏరేది. బళ్లో పిల్లల్ని తూచి, తక్కువ బరువున్న వాళ్లకే వేడి జావ పోసేవారు. ఒక వానరోజు తన పక్క పిల్లని తడిసిన ఉన్ని కోటుతోనే తూచారట. బరువెక్కువ చూపించింది, ఆ పిల్లకి జావ ఆపేశారు. "చలికాలమంతా నేను సగం ఇచ్చేదాన్ని. అప్పుడే అనుకున్నాను, నేను తూస్తే సరిగ్గా తూస్తాను," అన్నారు. నా కొడుకు మొలతాడు ఎందుకు విప్పించారో ముప్పై మూడేళ్లకి తెలిసింది.

పోశన్న గది

ఉండల పళ్లెం ముందుకు జరిపి, "సుర్మా సంగతి మీకెవరు చెప్పారు?" అని అడిగారు. పోశన్న గుర్తొచ్చేసరికి చేతిలో ఉండ చేతిలోనే ఉండిపోయింది. అతని కూతురికి తొమ్మిది నెలలు.

నంబరు నా దగ్గరే ఉంది. సాయంత్రం కొండ కింద కార్మికుల గదులకి వెళ్లాం. శుక్రవారం కాబట్టి అందరూ బట్టలుతుక్కుంటున్నారు. తాళ్ల మీద నీలం యూనిఫారాలు వేలాడుతున్నాయి. పోశన్న తడి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నా పారం రాసిన అమ్మనా? రా అమ్మా, కూసో," అని మంచం దులిపాడు. ఒక్కో మంచం మీద ఇంకో మంచం, గదికి ఎనిమిది మంది. అయినా మాకు చాయ్ ఇవ్వకుండా మాట్లాడనివ్వలేదు.

డాక్టరమ్మ చెబుతారనుకున్నాను. ఆవిడ చాయ్ తాగుతూ, "మీరే చెప్పండి. మీరు పెట్టారు కదా," అన్నారు.

చెప్పాను. మా మనవరాలికి నా చేత్తో పది రోజులు పెట్టానని, రేపు పిల్లకి రక్తం తీస్తారని, ఏమొస్తుందో తెలియదని చెప్పాను. పోశన్న తన వెనక నిలబడ్డ బిహారీలకి, పఠాన్లకి హిందీలో మొత్తం చెప్పాడు. ఒకడు వెళ్లి తన పెట్టెలోంచి మూడు సీసాలు తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టాడు, వచ్చే నెల ఊరికి తీసుకెళ్లడానికి కొన్నవట.

పోశన్న ఇంటికి ఫోన్ చేశాడు. "లచ్చవ్వా, సుర్మా పారెయ్. అవ్, నేనే తెచ్చిన, నేనే చెప్తున్న పారెయ్. మక్కదైతేంది? ఇగో, డాక్టరమ్మ నా పక్కకే ఉన్నది. పోరిని పెద్ద దవాఖానకు తోల్కపోయి నెత్తురు సూపియ్యి." ఫోన్ పెట్టేసి మా వైపు చూశాడు. "ఎత్తి మోరీల పారేసిందట. ఎన్నడు నా మాట ఇనది, ఇయ్యాల ఇన్నది," అని నవ్వబోయి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

నాలుగు రోజులు

తిరుగు దారిలో దుబాయ్ దాటాక సునీతే అంది. "నేను నర్సుని పెద్దమ్మా. ఇది మా ట్రైనింగులో చెప్పారు. రోజూ చూస్తూనే ఉన్నాను."

"మరి ఆపలేదేమే?"

"నన్ను పెంచిన చెయ్యి. ఎలా పట్టుకుని ఆపను?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నామీద ఆ పిల్లకున్న గౌరవం నాకెప్పుడూ బరువనిపించలేదు, ఆ రోజు అనిపించింది. ఇకమీదట నా చెయ్యి పట్టుకుని ఆపమని ఆ కారులోనే మాట తీసుకున్నాను.

శనివారం రక్తం తీశారు. పాప ఏడ్చింది, నేను బయట నిలబడి పాపకంటే ఎక్కువ ఏడ్చాను. ఆదివారం, సోమవారం పాప నవ్వితే భయం, నిద్రపోతే భయం. నా చేతులు కడుక్కుంటూనే ఉన్నాను. మంగళవారం సాయంత్రం సునీత కాగితం పట్టుకుని వచ్చింది. సీసం ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే ఉంది, కానీ మందులు పెట్టేంత కాదు. సుర్మా ఆపేస్తే తగ్గుతుంది, మూడు నెలలకి మళ్లీ చూడాలన్నారు. మోకాళ్ల మీద పడి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇది రాస్తుండగా ఆ రెండో పరీక్ష కూడా అయింది, సరిగ్గా ఉందని సునీత ఫోన్ చేసింది. పోశన్న కూతురికి కూడా భయం లేదట, అతనే కబురు పంపాడు.

పదహారో రోజు

మర్నాడు బుధవారం డాక్టరమ్మ బనియాస్ వచ్చారు. గురువారం నా విమానం. రెండున్నర గంటలు ఒక్కరే కారు నడుపుకుంటూ వచ్చారు, ఆ వయసులో. సంచిలోంచి స్ప్రింగు త్రాసు తీశారు. చూడగానే గుర్తుపట్టాను, నా కొడుకుని తూచిన త్రాసు అది. దాన్ని తలుపు పైన తగిలించి, "కెజియాగారూ, చొక్కా విప్పుదామా?" అని అడిగి, పాపని గుడ్డ ఉయ్యాల్లో వేసి తూచారు. ఏడు కిలోల రెండొందల గ్రాములు.

కార్డు, నేనిచ్చిన కాటుక భరిణె కూడా తెచ్చారు. అగ్గిపుల్ల నా చేతికిచ్చారు. నా భరిణెలో ముంచి ఏడో నెల గడిలో చుక్క పెట్టాను. ఆవిడ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, కార్డు సునీత చేతిలో పెట్టారు. "పాపగారికి కాటుక పెట్టాలనిపిస్తే అరికాల్లో పెట్టండి, ఇంట్లో చేసిన మసితోనే. కంట్లో ఏదీ వద్దు," అన్నారు. త్రాసు నాకిచ్చేశారు. తనకింక తూచాల్సిన పిల్లలు లేరన్నారు.

అప్పుడు చెప్పేశాను. నా కొడుకు బతికింది మీ వల్ల, నేను నాలుగు మెతుకులు సంపాదించుకున్నది మీ వల్ల, ఇప్పుడు ఈ పిల్ల కూడా మీ వల్లే, ఎలా తీర్చుకోవాలో తెలియక ఈ భరిణె తెచ్చానని. ఆవిడ కళ్లు తుడుచుకుని, "నేను ఏం చేశాను? తూచాను," అన్నారు.

జర్మనీలో మిమ్మల్ని ఎవరు చూస్తారని అడిగాను. అక్కడ ఇప్పుడు తన వాళ్లంటూ ఎవరూ లేరన్నారు. తరవాత కుర్చీలో వెనక్కి జరిగి, వంగి, కుడికాలి బూటు విప్పారు. మేజోడు విప్పి మడిచి బూటులో పెట్టారు. ముప్పై మూడేళ్లుగా ఎవ్వర్నీ ముట్టుకోనివ్వని పాదాన్ని నా వైపు చాపారు.

"నాకూ పెట్టండి రత్నాగారూ," అన్నారు. "దూరం వెళ్తున్నాను కదా."

నేల మీద కూర్చుని ఆ పాదం ఒళ్లో పెట్టుకున్నాను. ఎంత తేలికగా ఉందో. అరికాల్లో చుక్క పెడుతుంటే ఆవిడ చక్కిలిగింతకి చిన్నపిల్లలా నవ్వారు.